పెద్దాయన చెయ్యి

రుద్రవరం దాపు పల్లెలో గొర్రెలు కాసే మద్దిలేటి గ్రామసభకు అందరికన్నా ముందొచ్చి కంబళి పరుచుకుంటాడు. మైకులో ఎవరేం చెప్పినా చెవికెక్కించుకోడు. ఊరి పెద్దాయన కుడిచేతినే చూస్తుంటాడు. అది లేస్తే తనదీ లేస్తుంది. వాళ్ల నాయనా అంతే చేసేవాడు. ఆమధ్య మేతబీడును సోలార్ కంపెనీకి ఇవ్వాలో వద్దో ఊరినే తేల్చమన్నారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమని అధికారి అన్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన ముఖం మీది ఈగను తోలడానికి చెయ్యెత్తాడు. మద్దిలేటి చెయ్యి లేచింది, వెనకాల ఊరంతా చేతులెత్తింది. అధికారి ఫోటో తీసుకుని, ఊరి తీర్పు ఇదేనని చెప్పి జీపెక్కాడు. "నేను ఈగను తోలుకుంటాంటే మీరంతా ఏంటికెత్తినార్రా?" అని పెద్దాయన విసుక్కున్నాడు గానీ, జీపును ఆపమనలేదు.

ఇప్పుడు బీడు చుట్టూ కంచె. మద్దిలేటి మందను బయట నిలిపి, లోపలి గడ్డిని చూస్తూ నిలబడతాడు. సద్ది తెచ్చిన పెండ్లాం సుంకులమ్మ ఒకరోజు ఉండబట్టలేక అంది: "బీడు ఇచ్చేది నీకిష్టమేనా అని ఆ పొద్దు అడిగినారు గదా. చెయ్యెత్తకుండా గమ్మునుండకపోతివా?"

మద్దిలేటి గడ్డి మీంచి చూపు తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు.

"అడిగింది నన్నా?" అన్నాడు.