సామ్రాజ్యం ఎంచిన మూడో పాత్ర

సామ్రాజ్యం రేపల్లె కోర్టులో ముప్ఫయ్యొక్కేళ్లు టైపిస్టుగా పనిచేసింది. కాపురం తెనాలిలో. రోజూ రేపల్లె పాసింజరు ఎక్కగానే సంచిలోంచి డిటెక్టివ్ నవల తీసేది. అందులోనూ ఎవర్నీ నమ్మకుండా, తన్నులు తింటూనే నిజం కోసం తిరిగే మొండి డిటెక్టివ్‌లంటే ఆమెకు ప్రాణం. రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు.

ఆ సంగతి విని, బాపట్లలో లెక్చరర్‌గా ఉన్న హరిత ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ నవలల్లో మీకు బాగా నచ్చిన మూడు పాత్రల గురించి మా పిల్లలకి చెప్పాలండి."

"మూడేనా? ముప్ఫై చెబుతాను" అంది సామ్రాజ్యం.

తీరా కూర్చుంటే రెండే తేలాయి. తనను పనికి పెట్టుకున్న మనిషే హంతకుడని తెలిసి, అతన్నే పట్టించిన డిటెక్టివ్ ఒకడు. భర్తను తానే చంపి, అతని కోసం నిజంగానే ఏడ్చిన క్లబ్బు గాయని ఇంకొకతె. మూడో పాత్ర ఎండుచేపలమ్మే ఆవిడ. కోర్టులో బోనెక్కి, "కత్తి మా తమ్ముడి చేతిలోనే చూశానండి. వాణ్ని పెంచింది నేనే. అయినా చూసింది చూశాను" అంటుంది. మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. పుస్తకం పేరే గుర్తు రాలేదు.

మూడు రోజులు బీరువా అంతా వెతికింది. ఎక్కడా లేదు.

భర్త విజయసారథి అడిగాడు. "ఇంతకీ ఆవిణ్ని నువ్వు చదివావా, టైపు చేశావా?"

సామ్రాజ్యం చేతిలో పుస్తకం పక్కన పెట్టింది. చేపల రేవు నిజాంపట్నంలో జరిగిన హత్యకేసు ఒకటి కోర్టులో టైపు చేసిన గుర్తు. కానీ అందులో సాక్షి మాట మార్చినట్టు కూడా గుర్తు. లేక అది నవల్లోనా?

బాపట్ల కాలేజీలో మొదటి రెండు పాత్రల గురించి గడగడా చెప్పింది. మూడోదాని దగ్గర తడబడింది.

"ఈవిడ పుస్తకంలో మనిషో కాదో నాకే తెలీదమ్మా."

మేఘన అనే విద్యార్థిని లేచింది. "తమ్ముడికి శిక్ష పడిందాండి?"

"అదీ గుర్తు లేదమ్మా."

ఎవరు గొప్ప పాత్రని హరిత అడిగితే, ఎక్కువ చేతులు ఎండుచేపలావిడకే లేచాయి. సామ్రాజ్యానికి సంతోషించాలో, నిజం మనిషినేమైనా కథలో కలిపేసి తప్పు చేశానని ఒప్పుకోవాలో అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక భర్త అన్నాడు, "రేపల్లె వెళ్లి పాత వాళ్లని అడగరాదూ?"

"వద్దండీ. పుస్తకంలో మనిషైతే ఫరవాలేదు. కాకపోతే, ఆ సాక్ష్యం చెప్పాక ఆవిడ ఏ మొహంతో ఇంటికెళ్లి ఉంటుంది?"