వడియాలు తెల్లగా ఎండే ఊరు

లాక్‌డౌన్ అయ్యాక మా ఆయన ఊళ్లు చూడటం మొదలుపెట్టారు. ఉద్యోగమంతా గూడ్స్ బండి నడిపిన మనిషి, రిటైరయ్యాక కాళ్లు చాపుకుని కూర్చుంటారనుకున్నాను. కరోనా వచ్చి ఆయన ఊపిరితిత్తుల్ని సగం తినేసి వెళ్లింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ కోసం జనం కొట్టుకోవడం కళ్లారా చూసొచ్చిన దగ్గర్నుంచి ఆయనకి ఒకటే ధ్యాస. రేపు మళ్లీ ఏ ఉపద్రవమో వస్తే రాయపూర్‌లో బతకలేం, ఎవరి మీదా ఆధారపడకుండా బతికే పల్లె ఒకటి వెతుక్కోవాలి. తిండి మనమే పండించుకోవాలి, నీళ్లు మన నూతిలో ఉండాలి, పాలు మన ఆవువి. ఇదంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న చదువు. కుండీలో కొత్తిమీర బతికించలేని మనిషి వరి పండిస్తారట. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నాకు ఉపద్రవాల గొడవ పట్టలేదు. నాకు కావలసింది ఆయన ఊపిరి. రాయపూర్ శివార్లలో, భన్‌పురి అవతల మేం కట్టుకున్న ఇంట్లో పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి అడుగులు నల్లగా పడతాయి. ఇనుము ఫ్యాక్టరీలున్న సిల్తారా వైపు నుంచి గాలి వీస్తే మరీనూ. పెళ్లయి శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చాక ఒకసారి డాబా మీద వడియాలు పెట్టాను. సాయంత్రం చూస్తే, వీటి మీద మిరియాల పొడి ఎవరు చల్లారా అనిపించింది. ఆ తర్వాత మా వదిన పార్శిల్ చేస్తేనే మా ఇంట్లో వడియాలు. ఆ మసే ఆయన లోపలికీ వెళ్తోందని తెలిసి, తలుపులు మూసుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. వీలైతే దుమ్ము లేని చోటికి తీసుకెళ్లండి అన్నారు డాక్టరు. వీలైతే అనే మాట డాక్టర్ల నోట భలే సులువుగా వస్తుంది.

అలా కారు మాట్లాడుకుని ఊళ్ల మీద పడ్డాం. ఆయన పరీక్షలు ఆయనవి. ఎండాకాలంలో నూతిలో నీళ్లుంటాయా, వానాకాలంలో వాగు పొంగితే దారి మూసుకుపోతుందా, ఊళ్లో ఎవరికి ఎవరితో పడదు, అన్నీ అడిగేవారు. నా పరీక్ష ఒక్కటే. ఉడికించిన సగ్గుబియ్యం గిన్నెలో పట్టుకెళ్లి, ఎవరో ఒకరి డాబా మీద తెల్ల పంచె పరిచి వడియాలు పెట్టేదాన్ని. సాయంత్రం దాకా నల్ల నలుసు పడకపోతే ఆ ఊరు పాసు. అక్కడి ఆడవాళ్లూ వడియాలు పెట్టుకుంటారు కాబట్టి నన్నెవరూ పిచ్చిదానిలా చూడలేదు. ఒకావిడ మాత్రం చిటికెడు నోట్లో వేసుకుని ఉప్పు చాలలేదంది.

ఎంచబోతే మంచమంతా కంతలే. ఒక ఊళ్లో నీళ్లు దివ్యంగా ఉన్నాయి, పంచె మీద మసి పడింది. ఇంకో ఊళ్లో వడియాలు మల్లెపూలలా ఎండాయి, నూతిలో చేద వేస్తే బురద వచ్చింది. మరో ఊళ్లో రెండూ బాగానే ఉన్నాయి గానీ, పక్కనే ఏదో ఫ్యాక్టరీ వస్తోందని జనం సంబరపడుతున్నారు.

చివరికి తిల్దా దాటి బాగా లోపలికి వెళ్తే ఒక ఊరు దొరికింది. పొలం అమ్మాలనుకుంటున్న పెద్దాయన మమ్మల్ని నులకమంచం మీద కూర్చోబెట్టి, తొందరేం లేదు, ముందు మా ఇంటి పక్కగదిలో కొన్నాళ్లు ఉండి చూడండి, నచ్చితేనే బేరం అన్నారు. ఆ మాట మా ఆయనకి తెగ నచ్చింది. సామాను సర్దుకుని వెళ్లాం. మొదటి రోజే పంచె పరిచాను, సాయంత్రానికీ తెల్లగానే ఉంది. ఆయన పొలం గట్టంతా ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చారు. జబ్బు చేశాక ఆయన అలా నడవడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది. అంత ఆశ పెట్టుకోకూడదని తెలిసి కూడా పెట్టుకున్నాను.

పడుకునేటప్పుడు ఆయన ముక్కుకి పెట్టుకునే ఆక్సిజన్ మెషీన్ వెంట తెచ్చుకున్నాం. అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే అక్కరకొస్తుందని ఒక చిన్న సిలిండరు కూడా తెచ్చాం. ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. వాగు అవతల ఎక్కడో తీగ తెగి ఉంటుంది, రెండు రోజులైనా పడుతుంది అని పెద్దాయన తాపీగా చెప్పారు. ఊళ్లో ఎవరికీ కంగారు లేదు. పొయ్యి రాజేశారు, నూతిలో నీళ్లు తోడుకున్నారు, ఆవుల్ని పితికారు. మా ఆయన ఇన్నాళ్లూ వెతికిన ఊరు అచ్చంగా ఇదే. ఆ ఊళ్లోనే చలిగాలికి ఆయనకి ఊపిరి పట్టేసింది. సిలిండరు ముల్లు కిందికి దిగుతోంది. అన్నీ ఉన్నాయి గానీ అయిదోతనం లేదని మా అమ్మ అనే సామెత నా నోటిదాకా వచ్చింది. మింగేసి, విసనకర్ర తీసుకుని విసురుతూ కూర్చున్నాను. దానివల్ల ఆయనకి ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. ఊరికే కూర్చోలేక విసిరాను.

పెద్దాయన ట్రాక్టరు తీయించారు. తిల్దా దాకా దాని మీద, అక్కణ్ణించి అంబులెన్సులో రాయపూర్. సిల్తారా దగ్గరికి వచ్చేసరికి ఫ్యాక్టరీల దీపాలు పట్టపగల్లా వెలుగుతున్నాయి. ఇన్నేళ్లూ తిట్టిపోసిన ఆ పొగ వాసన ముక్కుకి తగలగానే, హమ్మయ్య, వచ్చేశాం అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గండం గడిచింది. ఇకమీదట మెషీన్ రాత్రీ పగలూ ఉండాల్సిందేనని, పెద్దాసుపత్రికి దూరంగా ఎక్కడా ఉండకూడదని డాక్టరు చెప్పి వెళ్లారు. నేను మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సోలార్ పలకలు పెట్టిద్దామండీ. పెద్ద సిలిండర్లు తెచ్చి ఉంచుకుందాం. ఆ ఊరు మాత్రం వదలొద్దు."

ఆయన మాస్కు కొంచెం పక్కకి జరిపారు.

"కరెంటు పోతే ఆ ఊరికేటయ్యిందే? ఏటీ అవ్వలేదు. ఊరు బిల్కుల్ ఫిట్టే. నానే అన్‌ఫిట్టు."

రైల్వేలో డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే డ్రైవర్ని బండి దింపి ఇంకెక్కడో కుర్చీ వేసి కూర్చోబెడతారు. అలా దిగిపోయిన స్నేహితుల గురించి చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు ఇలాగే ఉండేది. నేను ఆయన మాస్కు సరిచేశాను. డిశ్చార్జి చేసిన రోజు ఆయన్ని మళ్లీ ఆ మసి ఇంటికే తీసుకొచ్చి, మెషీన్ ఆన్ చేసి, కిటికీలన్నీ మూశాను. ఆయన్ని కూర్చోబెట్టడానికి నా దగ్గర ఇంకో చోటు లేదు.