ఆటల లాప్‌టాప్‌లో మైకా ముక్క

ధర్మవరంలో ఒకప్పుడు నేసిన పెళ్లిచీరల్లో సగం నా చూపుడువేలి చలవే. నమ్మకపోతే మానండి. ఆ వేలి కొసన వేడి లాగే పేస్టు ఎంత ఉండాలో తెలిసిన మనిషి హిందూపురం నుంచి ధర్మవరం దాకా నేనొక్కణ్ణే.

తొంభైల్లో హిందూపురంలో మైకుసెట్ల రిపేరు నాది. ఆంప్లిఫయర్ వెనక అల్యూమినియం రెక్కలుంటాయి చూడండి, వాటికి బిగించే ట్రాన్సిస్టర్ కాలిపోకుండా నడుమ తెల్లటి పేస్టు పూస్తాం. దాంతోపాటు పల్చటి మైకా ముక్క ఒకటి. వేడి అవతలికి దాటాలి, కరెంటు దాటకూడదు. పేస్టు, మైకా మొగుడూ పెళ్లాల మాదిరి. ఒకటి లేకుండా ఇంకోదాన్ని బిగించిన పాపాన పోలేదు నేను. ఉరుసులో రోజంతా మోగినా నా సెట్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవచ్చు.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్లయ్యుంటుంది. మా చెల్లెలి కూతురు ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. అంతవరకూ ఒకాయన దగ్గర కూర్చుని గీసేది. గీత ఈమెది, పేరు ఆయనది. ఆ ఏడు ఒక షావుకారు మొట్టమొదటిసారి ఈమెనే నమ్మి ఒక పెళ్లిచీర కొంగు అప్పజెప్పాడు. మగ్గం మీద పడుగు కూడా ఎక్కించేశారు. సోమవారానికి డిజైన్ అందకపోతే పని మళ్లా ఆ పాతాయనకే పోతుంది. ఈమె లాప్‌టాప్ ఏమో బెంగళూరులో వాళ్లన్న ఆటలాడుకోవడానికి కొని, ఆడి ఆడి అరగదీసి ఈమెకు ఇచ్చినది. ఎంత పెద్ద డిజైనైనా మోసేదిగానీ, కాసేపటికే సెగలు కక్కి ఉన్నట్టుండి ఆరిపోయేది.

ఫోన్ చేసింది.

"మామా, కీబోర్డు మీద చెయ్యి పెట్టేకి కాకుండా ఉండాది. ఫ్యాను అరిచి అరిచి నిలిచిపోతాది. లోపల పేస్టు ఎండిపోయింటాది అంటాండారు ఈడ. నీకు తెలుసునా ఆ పని?"

"పేస్టు సంగతి నన్నా అడిగేది పాపా!" అని రైలెక్కేశాను. పెనుకొండలో దిగి, పాత స్నేహితుడి మైకుసెట్ల అంగట్లో తెల్లపేస్టు డబ్బా, మైకా ముక్కలు జేబులో వేసుకుని, తర్వాతి బండికి ధర్మవరం చేరాను.

అప్పుడు శనివారం పొద్దు. లాప్‌టాప్ విప్పి రాగి పట్టీ ఎత్తితే, చిప్పు మీద పాత పేస్టు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. చిప్పు అద్దంలా తేలింది. మైకా కోసం వెతికాను. లేదు.

"చూసినావా! మైకా పెట్టేది మరిచిపోయినారు. అందుకే ఈ సెగ."

"మరి ఇన్ని దినాలు ఎట్లా నడిచింది మామా?"

"యాడ నడిచింది? దేకుతా వచ్చింది."

చిప్పు మీద పేస్టు, పైన మైకా, దాని మీద మళ్లా పేస్టు. సంగటి ముద్ద మీద నెయ్యి పోసినంత ధారాళంగా పూసి బిగించాను. ఇదివరకు అరగంటన్నా వెలిగేది. ఈసారి డిజైన్ తెరుచుకునేలోపే ఆరిపోయింది.

ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. నేనేమో "ఇంకొంచెం పేస్టు వేద్దామా?" అన్నాను.

అరవలేదు, ఏడవలేదు. అంతా విప్పించి, ఆ మైకా ముక్కను గోటితో ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"మైకుసెట్లో ఇది ఎందుకు పెడతారు మామా?"

"ట్రాన్సిస్టర్ ఒంటికే కరెంటు ఉంటాది. రెక్కకు తగలకూడదు."

"ఈ చిప్పు ఒంటి మీద ఉండాదా కరెంటు?"

"...ఉండదు."

"మరి దేనికి అడ్డం పెడితివి? వేడి పొయ్యే దోవలో గోడ కట్టినట్టే కదా."

అంత చిన్న ప్రశ్న నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలీదు. నాకు చెయ్యి ఎటు పోవాలో తెలుసు. ఆమె ఎందుకు పోవాలో అడిగింది.

ఇద్దరం కంప్యూటర్ల అంగడికి పోయాం. అంగడాయన మూడు రకాల పేస్టు చూపించాడు: పొట్లంలో తెల్లది, సిరంజిలో బూడిదరంగుది, వెండి కలిపినామని మెరిసేది ఒకటి. నా కన్ను మెరిసేదాని మీదే పడింది. "ఇదే తీసుకో పాపా, జరీ మాదిరి ఉండాది."

ఆమె అంగడాయన్ని ఒకే ఒక మాట అడిగింది. "అన్నా, పక్కకు కారితే ఏమైతాది?"

వెండిది కారితే పక్కనున్న సన్న భాగాలకు కరెంటు కలిసే భయం ఉందనీ, బూడిదరంగుదానికి ఆ బాధ లేదనీ, తెల్లదానికన్నా అదే వేడి బాగా లాగుతుందనీ చెప్పాడు.

"అయితే బూడిదదే ఇయ్యన్నా. జరీ నేను కొంగులో గీసుకుంటాలే."

ఇంటికొచ్చి చిప్పునూ రాగినీ మళ్లా శుభ్రంగా తుడిచింది. కందిపప్పు బేడలో సగమంత చుక్క పెట్టింది. మగ్గానికి డిజైన్ చిల్లులు పొడిచే గట్టి అట్ట తెచ్చి, ఒక పీలిక కత్తిరించి, దాని అంచుతో పేస్టును మెల్లగా లాగింది. నేను గోడకు సున్నం కొట్టినట్టు కొట్టాను. ఆమె కంటికి కాటుక దిద్దినట్టు దిద్దింది. స్క్రూలు కూడా ఒక పక్కే బిగించెయ్యకుండా ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం తిప్పుతూ పోయింది. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. పడుగు ఒక పక్క బిగిసి ఒక పక్క వదులైతే చీర ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల.

ఆన్ చేసింది. ఫ్యాను సన్నగా మొదలై సన్నగానే తిరిగింది.

ఇక మొదట్లో అన్న మాట కాస్త కురచ చేసుకుంటాను. సగం పెళ్లిచీరలు కాదు, ఒక్క చీర. అందులోనూ కొంగు. దానికి నా చూపుడువేలు చేసిన సాయం ఒక పూట ఆలస్యం.

ఆదివారమంతా గీసింది. ఒక్కసారి కూడా ఆరలేదు. సోమవారం పొద్దున డిజైన్ షావుకారు చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇంకే డిజైనూ వేరేవాళ్ల పేరు మీద గీయలేదు.

అయినా ఒకటి మాత్రం గట్టిగా చెప్పుకుంటాను: ఆ ఆదివారమంతా పక్కనే ఉండి, చెవి ఫ్యానుకు ఆనించి, సెగ పెరుగుతుందేమోనని కాపలా కాసింది నేనే.

ఇంతవరకూ రాసి ఆమెకు ఫోన్లో చదివి వినిపించాను.

"కాపలానా? పక్కనే పండుకొని గురక పెడతాంటివి మామా. ఆ గురకకు ఫ్యాను తిరుగుతాందో ల్యాదో నాకే వినపడకపాయ. నిన్ను లేపి అరుగు మీదికి తోలినాకనే కదా కొంగు పూర్తయ్యింది!"