తెలుసా, అనుకుంటున్నావా?

నిన్న ఫ్లూ షాట్ వేయించుకోవడానికి మందుల షాపుకి వెళ్లాను. ఫార్మసిస్ట్ చిన్న ప్యాకెట్ చించి, అందులోని తడి వైప్‌తో నా భుజం తుడిచింది. చల్లగా తగిలింది, ఆ వెనకే స్పిరిట్ వాసన గుప్పుమంది. సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియలేదు. ఆ వాసనకు అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం మణి ఆంటీ గుర్తొస్తారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ అలాంటి ప్యాకెట్లు ఉండేవి. చర్చిలో పాస్టర్ గారు ప్రసంగం మొదలుపెట్టే ముందు ఒకటి చించి కళ్లజోడు తుడుచుకునేవారు. ముందు వరసలో ఉన్న నాకు ఆ వాసన వచ్చిందంటే, ఆంటీ ఇక శ్రద్ధగా వినడానికి సిద్ధమయ్యారని అర్థం.

ఆవిడ పూర్తి పేరు రత్నమణి. సొంతూరు బాపట్ల. పెళ్లయి న్యూజెర్సీ వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని, ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో రిటైరయ్యే దాకా పనిచేశారు. తయారైన మాత్రలను వేడిలోనూ తేమలోనూ నెలల తరబడి ఉంచి, అవి చెడిపోతున్నాయో లేదో చూడటం ఆవిడ పని. "బాగానే ఉంటాయిలే అనుకోవడానికి కాదమ్మా, చూడటానికి నాకు జీతమిచ్చింది" అనేవారు. భర్త పోయాక పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే ఒక్కరే ఉండేవారు. ఒక్కతే కూతురు, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు సంఘం ఆరాధన జరుపుకునేది. అక్కడే మాకు పరిచయం. అప్పటికి నేనూ మా ఆయన విజయ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో తలమునకలుగా ఉన్నాం. మా జోయెల్‌కి ఇంకా ఏడాది నిండలేదు.

ఆవిడ ఆలోచించే తీరు నాకు మొదట తగిలింది వాము నీళ్ల దగ్గర. ఆరాధన అయ్యాక అందరం భోజనం చేస్తున్నాం. జోయెల్‌కి జలుబు చేస్తే వాము నీళ్లు పట్టానని, వారంలో తగ్గిపోయిందని నేను గొప్పగా చెబుతున్నాను. పెరుగన్నం కలుపుకుంటున్న ఆంటీ తలెత్తారు.

"పట్టకపోతే ఎన్నాళ్లకి తగ్గేది స్వర్ణా?"

"ఏమో ఆంటీ."

"అంతకుముందు జలుబు చేసినప్పుడు పట్టావా?"

"లేదు, అప్పటికి నాకు తెలియదు."

"అప్పుడు ఎన్నాళ్లకి తగ్గింది?"

గుర్తు చేసుకుని, "వారమే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తీరా ఆ తర్వాత కొన్నాళ్లకి ఆవిడకే జలుబు చేసి, ఫ్లాస్కులో కాసిని వాము నీళ్లు పట్టుకురమ్మని నాకు ఫోన్ చేశారు. తీసుకెళ్లి గ్లాసులో పోసిస్తూ, "పనిచేయదన్నారుగా?" అన్నాను కాస్త దెప్పుతూ. "ఎప్పుడన్నానే? పనిచేస్తుందని నీకు తెలియదన్నాను. గొంతుకి హాయిగా ఉంటుంది, అదైతే నాకు తెలుసు" అని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగారు. అప్పటి నుంచి ఆవిడంటే కోపం పోయి కుతూహలం పట్టుకుంది.

ఎవరేం చెప్పినా ఆంటీ అడిగే ప్రశ్న ఒకటే: "తెలుసా, అనుకుంటున్నావా?" అనుకోవడం తప్పని ఆవిడ ఎన్నడూ అనలేదు. రెండూ కలిపేయవద్దనేవారు, అంతే. ఆ ప్రశ్న తనను తాను కూడా అడుక్కునేవారు కాబట్టే మేం భరించగలిగాం. కూతురు ఒక అబ్బాయిని ఇష్టపడిందని తెలిసినప్పుడు, వాడు బాధ్యత లేనివాడని ఆంటీ గట్టిగా వాదించి, కొన్ని నెలలు కూతురితో ముభావంగా ఉన్నారు. ఒకరోజు కూరగాయలు తరుగుతూ నాతో అన్నారు: "వాడి గురించి అట్లా ఎందుకనుకున్నానా అని కూర్చుని వెతికానమ్మా. వాడి చెవిపోగు తప్ప ఇంకేం దొరకలేదు." ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేసి పెళ్లికి ఒప్పుకున్నారు.

ఆ ప్రశ్న నా గడప తొక్కింది జోయెల్‌కి రెండేళ్లు దాటాక. వాడికి మాటలు రాలేదు. "మా" అనేవాడు, కావలసినదాని వైపు నా చెయ్యి పట్టి లాగేవాడు. విజయ్ తమ్ముడు కూడా నాలుగేళ్లకి గాని మాట్లాడలేదట. మగపిల్లలకి ఆలస్యమేనన్నారు ఒకరు. ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీషు, పిల్లాడు తికమక పడుతున్నాడన్నారు ఇంకొకరు. ఒక్కో మాటా నాకు ఒక్కో నెల సరిపోయేది. అవన్నీ కారణాలనుకున్నాను గాని, నిజానికి నేను ఏరుకున్నవి ఊరటలు.

ఒక శనివారం ఆంటీ మా ఇంటికి వచ్చారు. జోయెల్ కార్పెట్ మీద బొమ్మ ట్రక్కులు వరసగా పేరుస్తున్నాడు. నేను నా ఊరటలన్నీ వినిపించాను. మరిది సంగతి దగ్గర ఆవిడ ఆపారు.

"ఆలస్యంగా మాట్లాడి బాగైనవాళ్ల గురించి అందరూ చెప్పుకుంటారు. బాగుకానివాళ్ల గురించి ఎవరు చెప్పుకుంటారమ్మా? వాడికి సరిగ్గా వినపడుతోందా?"

"పుట్టినప్పుడే ఆసుపత్రిలో చూశారు ఆంటీ. పాసయ్యాడు."

"అది పుట్టినప్పటి మాట. ఇప్పుడు?"

"వినపడుతుంది. వాళ్ల నాన్న రాగానే తలుపు దగ్గరికి పరిగెడతాడు."

ఆవిడ లేచి, వంటింట్లోంచి జోయెల్‌కి ఇష్టమైన చిప్స్ ప్యాకెట్ తెచ్చుకుని, వాడి వెనక కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నారు. ప్యాకెట్ నలిపారు. వాడు తిరగలేదు. మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచారు. ట్రక్కు జరిపాడు గాని తిరగలేదు. అప్పుడు మడమతో నేలని ఒక్కసారి తట్టారు. మా అపార్ట్‌మెంట్లు చెక్కవి, తడితే గది అంతా అదురుతుంది. జోయెల్ గిరుక్కున తిరిగి, ఆంటీని చూసి నవ్వాడు. ఆవిడ ప్యాకెట్ విప్పి వాడి చేతికిచ్చారు.

నా ఒళ్లు మండిపోయింది. "ఆటలో ఉంటే ఏ పిల్లాడూ పలకడు. నా కొడుకు గురించి నాకు తెలీదా?" అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"నాది అంచనానే. నేను చెవి డాక్టర్‌ని కాదు. కానీ ఒక్కటి చూడు. నేను పొరబడితే నీకు ఒక పూట పోతుంది, నా మీద కోపం మిగులుతుంది. నువ్వు పొరబడితే?"

ఆ వాక్యం ఆవిడ పూర్తి చేయలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం చర్చిలో నేను ఆవిడకి వందనాలు చెప్పలేదు, వెనక వరసలో కూర్చున్నాను. కానీ ఇంట్లో జోయెల్ వెనక నిలబడ్డప్పుడల్లా నా గొంతు దానంతటదే పిలిచేది. పలికినప్పుడు, చూశావా అనుకునేదాన్ని. పలకనప్పుడు, ఆటలో ఉన్నాడనుకునేదాన్ని. వాడు ఏం చేసినా నా మాటే నెగ్గుతోంది. ఒక ఉదయం దోసె పెనం మీద వేస్తూ ఆ సంగతి గ్రహించాను. ఏం జరిగినా నిజమే అనిపించే మాటతో నేను ఏమీ తెలుసుకోవడం లేదు. దోసె మాడుతుండగానే డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను.

వినికిడి పరీక్ష రోజున, చప్పుడు చొరబడని చిన్న గదిలో జోయెల్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ పక్కనుంచో కుడి పక్కనుంచో శబ్దం వస్తుంది, పిల్లాడు అటు తిరిగితే అక్కడ ఒక బొమ్మ వెలిగి ఆడుతుంది. నాకు వినపడుతున్న శబ్దాలు చాలావాటికి బొమ్మ వెలగలేదు. వాడి తల నా గుండెకి ఆనుకుని కదలకుండా ఉంది. రెండు చెవుల్లోనూ వినికిడి లోపం ఉందని, పుట్టాక వచ్చి ఉండొచ్చని, చెవి మిషన్లు పెడితే మాటలు వస్తాయని ఆ పరీక్ష చేసిన ఆవిడ చెప్పింది.

అక్కడినుంచి తిన్నగా మణి ఆంటీ ఇంటికే వెళ్లాం. నేను చెప్పడం మొదలుపెట్టకముందే ఆవిడకి అర్థమైంది. తను అనుకున్నదే అయిందన్న జాడ ఆవిడ ముఖంలో వెతికాను, లేదు. జోయెల్‌ని ఎత్తుకుని, విజయ్‌ని టీ పెట్టమన్నారు. నేను ఏడుస్తూ, కడుపుతో ఉన్నప్పుడు ఏవో మాత్రలు వేసుకున్నాను, జ్వరం కూడా వచ్చింది, అందువల్లే అయి ఉంటుంది అంటున్నాను.

"డాక్టర్ చెప్పిందా అట్లా?"

"లేదు. కారణం తెలియదంది."

"మరి తెలియదు అన్నచోట నిన్నెందుకు పెట్టుకుంటున్నావు? ఖాళీ కనపడితే మనసు ఊరుకోదమ్మా, ఏదో ఒకటి తెచ్చి నింపుతుంది. దాన్ని ఖాళీగానే ఉండనీ."

మిషన్లు పెట్టిన మొదటి వారం అంతా యుద్ధమే. జోయెల్ వాటిని పీకి పారేసేవాడు, ఒకటి పప్పు గిన్నెలో దొరికింది. తర్వాత ఒకరోజు వంటింట్లో నేను పేపర్ టవల్ చింపితే వెనక్కి తిరిగి చూశాడు. ఇంకోసారి చింపాను. మళ్లీ చూశాడు. ఆ పూట రోల్ సగం అయిపోయింది. మాటలు మెల్లగా, తెలుగూ ఇంగ్లీషూ కలిసి వచ్చాయి. ఆంటీని "మనీ ఆంటీ" అనేవాడు. ఆవిడ ఎన్నడూ దిద్దలేదు.

వాడు స్కూల్లో చేరాక ఆంటీకి కడుపులో కేన్సర్ అని తెలిసింది. కీమో మొదలైంది. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక సోదరుడు లేచి, "మన మణి అక్కని ప్రభువు పూర్తిగా స్వస్థపరిచాడు!" అన్నారు. హాలంతా హల్లెలూయా అంది. తలకి స్కార్ఫ్ కట్టుకుని కూర్చున్న ఆంటీ ముందు కుర్చీ పట్టుకుని లేచారు.

"అందరికీ వందనాలు. చిన్న సవరణ. స్కాన్‌లో గడ్డ తగ్గింది, పోలేదు. తగ్గినందుకు దేవునికి స్తోత్రం. పోయిందనుకుంటే మీరు ప్రార్థన మానేస్తారు. మానకండి."

పాస్టర్ గారు వెంటనే ప్రార్థన మొదలుపెట్టారు, ఈసారి తగ్గిందన్న మాటే వాడారు. ఇంటికి దింపుతూ కార్‌లో అడిగాను, అలా అనడం అవిశ్వాసం కాదా అని. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే జవాబిచ్చారు: "నిజం చెబితే నొచ్చుకునేంత చిన్న దేవుణ్ణా నేను కొలిచింది?"

గడ్డ మళ్లీ పెరిగింది. తర్వాతి స్కాన్ చూసి ఆవిడే ముందు చెప్పారు నాకు, ఇంకెవరి ద్వారానో వినకూడదని. ఆఖరి నెలల్లో కూతురూ అల్లుడూ వచ్చి దగ్గరున్నారు. భయంగా ఉందా ఆంటీ అని అడిగితే, "ఉంది" అన్నారు. అంతకు మించి పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఆ చలికాలంలోనే పోయారు.

జోయెల్‌కి ప్రతి ఏడూ వినికిడి పరీక్ష ఉంటుంది. ఇప్పుడు వాడికి పొడుగు కాళ్లు, బాస్కెట్‌బాల్ పిచ్చి. మొన్నటి పరీక్షలో కుడి చెవి కాస్త తగ్గిందన్నారు. ఇంటికి డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లోంచి అడిగాడు.

"అమ్మా, ఇంకా వర్స్ అవుతుందా?"

ఏం కాదు నాన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది వాడికి ఇష్టమైన మాట, నాకు ఇంకా ఇష్టమైన మాట. రెడ్ లైట్ పడింది. బండి ఆపి, వాడి వైపు తిరిగాను, నా పెదవులు వాడికి కనపడేలా.

"తెలియదు నాన్నా. అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. ఆరు నెలల్లో మళ్లీ టెస్ట్ చేద్దామన్నారు. అప్పుడు ఎలా ఉంటే అప్పుడు దానికి తగ్గట్టు చేద్దాం."

వాడు నా ముఖంలోకి కాసేపు పరీక్షగా చూశాడు. నేను దాస్తున్నది ఏమైనా ఉందా అని వెతుకుతున్నాడు. దొరకలేదు. "ఓకే," అన్నాడు. భుజాలు కాస్త కిందికి దిగాయి. "నాకు భయం వేస్తుంది, కొంచెం."

"నాకూ," అన్నాను. గ్రీన్ పడింది.