మెట్లెక్కితే వచ్చే పన్ను నొప్పి

ఉప్పల్‌లో మెట్రో కోసం రోడ్డంతా తవ్విన రోజులవి. నాచారంలో మాది మూడో అంతస్తు. కూరగాయల సంచితో మెట్లెక్కితే చాలు, ఎడమ దవడ పన్ను సలిపేది. కూర్చుని లవంగం నోట్లో పెట్టుకుంటే తగ్గేది. అంతా లవంగం మహిమేనని అపార్ట్‌మెంటంతా చాటాను.

చివరికి పన్ను పీకించుకుందామని మా ఆయనతో ఉప్పల్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. ఎక్కేసరికి ప్రాణం పోయేంత నొప్పి. కుర్చీలో వాలిన కాసేపటికే మాయం!

"మీ హస్తవాసి మస్తుగుంది సారూ, ముట్టకముందే తగ్గింది" అన్నాను.

డాక్టరు పన్ను తట్టి చూశారు. "పన్ను మంచిగనే ఉందమ్మా. మెట్లెక్కితేనే నొస్తదా?"

"అవ్ సార్. అయినా పీకెయ్యండి, పీడ పోతది."

"ఇది గుండె నొప్పి కావచ్చు. ఇప్పుడే గుండె డాక్టరు దగ్గరికి పోండి."

"నోట్ల గుండె ఉంటదా సార్?" అని పోట్లాటకు దిగాను.

"జర నోరు మూసుకొని ఆటో ఎక్కు" అని మా ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్లాడు.

గుండె రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. స్టెంటు వేశారు.

ఇప్పుడు మూడంతస్తులూ హాయిగా ఎక్కుతున్నాను. ఆ పన్ను నోట్లోనే ఉంది, గట్టిగా. పాపం, నిజం చెప్పిన పాపానికి దాన్నే పీకించబోయాను!