మస్టరు అడుగున ఒక పేరు

మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీ అంగడివాడు గాజు గ్లాసులు తీసేసి కాగితం కప్పులు పెట్టాడు. రెండు గుక్కలకే అడుగు కనిపిస్తుంది. మూడో గుక్కకు కప్పు మెత్తబడి వేళ్ళకు అతుక్కుంటుంది. పోయిన మంగళవారం పొద్దున ఆ కప్పు పట్టుకునే వాడితో జగడానికి దిగాను. "ఇది టీనా, కండ్లలో ఏసుకునే చుక్కల మందా?" అన్నాను. రోజూ నా మాటకు మాట అప్పజెప్పేవాడు ఆ రోజు కిందికి చూశాడు.

"తాతా, నీకింగా తెలీదా? ఫిట్టరన్న పోయినాడంట, ప్రొద్దుటూరులో, కూతురింట్లో."

కప్పు నా చేతిలోనే నలిగిపోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పేరు మీద ఇంకో నోటీసు వస్తుందేమోనని భయం. మాకందరికీ ఆయన ఫిట్టరన్న. కడప పక్కన మా బండల ఫ్యాక్టరీలో రాళ్ళు కోసే మిషన్లకు ముప్పై ఏళ్ళు ఆయనే డాక్టరు. నేను గేటు దగ్గర కాపలా. ఐదో తరగతి దాకా చదివానని మస్టరు నా చేతికిచ్చారు. పనివాళ్ళు రోజూ వచ్చామని సంతకం పెట్టే పుస్తకం అది.

అందరూ ఒక గీత గీకి లోపలికి పరిగెత్తేవాళ్ళు. ఆయన మాత్రం పెన్ను జాడించి, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడిచి, ఇంటిపేరుతో సహా మొత్తం రాసేవాడు. కింద ఒక గీత, గీత చివర ఒక చుక్క. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగేవాళ్ళు.

"ఏమన్నా, ఆస్తి రాసిస్తాండావా?" అనేవాణ్ణి.

"నా కాడ స్పానరు తప్ప ఏముండాదప్పా? తీస్కో, నెత్తిన కొట్టుకో."

ముప్పై ఏళ్ళూ మా పొద్దు అలాగే మొదలైంది.

మిషను మూలిగితే స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇది జోస్యం చెప్తాదా అన్నా, నా జాతకం గూడా అడుగు" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వడు. "మిషను ఒకే మాట మాట్లాడ్తాదప్పా, రెండు మాటలు మనుషులకే" అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు బోల్టు మీద బలం చూపిస్తే చేయి పట్టుకుని ఆపేవాడు. "ఆఖరి చుట్టు బలంతో గాదు, చెవితో బిగియ్యాల."

వయసైందని శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి ఇంటికి పంపారు. గడియారం వారానికే ఆగిపోయింది. ఇచ్చినవాళ్ళను ఒక్క మాట అనకుండా విప్పి బాగు చేసుకున్నాడు. మూడు నెలలకు ఫ్యాక్టరీలో పెద్ద కటింగు మిషను ఆగింది. కొత్త ఫిట్టరు దాన్ని విప్పాడు గానీ మళ్ళీ బిగించలేకపోయాడు. అప్పుడు ఓనరు కారు ఈయన ఇంటి ముందుకు వచ్చింది. "నీ ఫ్యాక్టరీ అన్నా ఇది, రా" అన్నాడట. వచ్చాక మేనేజరు కాగితం చాపాడు. ఉద్యోగం ఇవ్వరట, కాంట్రాక్టరుగా రావాలట.

ఆయన ఒప్పుకోవడానికి ఒకటే కారణం. రోడ్డు పక్కన తనకు రెండు సెంట్ల జాగా ఉంది. అక్కడ సొంత షెడ్డు వేసుకుని, అందులో ఒక లేత్ మిషను పెట్టుకోవాలని. "రెండేండ్లు చేస్తే చాలప్పా. ఆ తర్వాత ఎవురి గేటూ దాటే పనిల్యా" అన్నాడు. అప్పటికే షెడ్డుకు స్తంభాలుగా నాలుగు బండ కూసాలు నాటించాడు కూడా.

కాగితం మీద సంతకం పెట్టేముందు ఆడిటరు దగ్గరికి పోతూ నన్నూ తోడు తీసుకుపోయాడు. ఆడిటరు మంచివాడే, చెప్పాల్సింది చెప్పాడు.

"పాత చోటికే పోతాండావు గాబట్టి జాగ్రత్త పెద్దాయనా. అదే పని, అదే టయిము, అదే స్టూలు అయితే పన్ను ఆఫీసోళ్ళు నువ్వు కాంట్రాక్టరువే గాదు, ఇంగా జీతగాడివే అంటారు. నువ్వు చూపిచ్చిన ఖర్చులన్నీ కొట్టేసి, పన్ను మళ్ళా లెక్కగట్టి, వడ్డీతో అడుగుతారు. నీ బిల్లు పుస్తకం నీకుండాల. నీ పనిముట్లు నీకుండాల. ఇంగో చోట గూడా పని చెయ్యాల. మస్టరులో మాత్రం యా పొద్దూ సంతకం పెట్టగాకు."

"గేటులో పోవచ్చునా సార్, గోడ దూకాల్నా?" అని నేనడిగాను. ఆడిటరు నవ్వలేదు.

ఫిట్టరన్న చెప్పింది చెప్పినట్టు చేశాడు. బిల్లు పుస్తకం అచ్చు వేయించాడు. సొంత స్పానర్లు కొని వాటికి ఎర్ర రంగు పూశాడు. ఇంటి నుంచి స్టూలు మోసుకొచ్చుకున్నాడు. ఆదివారాలు ఇంకో పాలిష్ యూనిట్‌కు పోయి వచ్చేవాడు. తనను తాను బయటి మనిషిగా చేసుకోవడానికి ఆ వయసులో ఆయన పడ్డ తంటాలు చూసి నేను చాలా నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నోరు చేదెక్కుతుంది.

రెండేళ్ళు నిండవస్తుండగా పన్ను ఆఫీసువాళ్ళు ఫ్యాక్టరీకి వచ్చి పుస్తకాలన్నీ ముందేసుకున్నారు. మస్టరులో ప్రతి నెలా, ఆఫీసులో రాసిచ్చిన పేర్లన్నిటి అడుగున, వేరే రాతతో ఎక్కించిన ఒక పేరు. దాని ఎదురుగా దినదినమూ ఆయన సంతకం, కింద గీత, చివర చుక్క. ఆయన్ను పిలిపించారు. నేను నీళ్ళ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"కాంట్రాక్టరు అంటున్నారు, మస్టరులో సంతకం ఏంటి? ఎవరు పెట్టమన్నారు?" అని అడిగాడు ఆఫీసరు.

ఫిట్టరన్న పుస్తకం వైపు చూశాడు. "ఎవురూ జెప్పలేదు సార్. ముప్పై ఏండ్ల అలవాటు."

మేనేజరు వెంటనే అందుకున్నాడు. "మాకేం సంబంధంల్యా సార్, ఆయప్పే రాసుకున్యాడు."

వడ్డీతో పన్ను కట్టమని నోటీసు ఆయన ఇంటికి వచ్చింది. "తక్కిన వాటికి ఏదో ఒక జవాబు చెప్దును, ఈ సంతకాలకు ఏం జెప్పేది?" అని ఆడిటరు ఫైలు మూసేశాడు. ఫిట్టరన్న ఓనరు దగ్గరికి పోయాడు. "నేను జీతగాడినే అంటాండారు గదా, మరి ఈ రెండేండ్లకూ నా పీఎఫ్ గట్టండి" అన్నాడు. "నువ్వు కాంట్రాక్టరువి గదన్నా, నీకు పీఎఫ్ యాడిది?" అన్నాడు ఓనరు. "నీ వల్ల మాకూ తలనొప్పి, రేపట్నుంచి రావాకు" అని కూడా అన్నాడు.

పన్ను అడిగేటప్పుడు లోపలి మనిషి, పీఎఫ్ అడిగేటప్పుడు బయటి మనిషి. షెడ్డుకు దాచింది నోటీసుకే సరిపోయింది. బండ కూసాలు నాలుగూ నిలబడే ఉన్నాయి, పైన రేకు లేదు. ఆయన కూతురింటికి పోయి ఏడాది తిరక్కముందే పోయాడు.

నేను ప్రొద్దుటూరు పోయాను. ఫ్యాక్టరీ నుంచి మనిషెత్తు పూలదండ వచ్చింది. దానికి కట్టిన పట్టీ మీద "మా కుటుంబ సభ్యునికి కన్నీటి వీడ్కోలు" అని ఉంది. ఇంత చదువు నాకు వచ్చినందుకు ఆ రోజు మొదటిసారి బాధపడ్డాను.

ఇక నా సంగతి. మస్టరు అడుగున ఆ పేరు రాసింది నేను.

కాంట్రాక్టరుగా వచ్చిన మొదటి రోజు ఆయన గేటు దగ్గర ఆగకుండా లోపలికి పోయాడు. పెన్ను జాడించడం లేదు, అద్దాలు తుడవడం లేదు, నాకు ఏడిపించడానికి మనిషి లేడు. మరుసటి రోజు నా వంకర రాతతో ఆయన పేరు ఎక్కించి పుస్తకం చాపాను. "మేనేజరు జెప్పినాడన్నా, సంతకంల్యాకుంటే ఎవుర్నీ ఇడ్సొద్దని."

"ఆడిటరు వద్దన్యాడు గదప్పా?"

"ఆడిటరు ఆఫీసులో ఉంటాడు. గేటు కాడ నేనుండా."

మేనేజరు చెప్పిందేమీ లేదు. వారం రోజులు ఆడించి, తర్వాత నిజం చెప్పి నవ్వుదామనుకున్నాను. కానీ పొద్దున్నే ఆయన అలా నిలబడి తీరిగ్గా రాస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. వారం నెలయింది. నెలలు రెండేళ్ళయ్యాయి. ఆఫీసులో జీతాలకు తాము రాసిన పేర్ల వరకే చూసుకునేవాళ్ళు, అడుగు వరస ఎవరి కంటా పడలేదు.

ఆఫీసరు అడిగినప్పుడు ఆయన పుస్తకం వైపు చూశాడని రాశాను కదా. నా రాత ఆయనకు తెలియనిది కాదు. తలుపు దగ్గర నేను ఉన్నాననీ తెలుసు. మేనేజరు చెప్పాడన్నది నా అబద్ధమని అప్పటికే పసిగట్టి ఉంటాడు, నా పేరు చెబితే నా ఉద్యోగం పోయేది. ఆ సాయంత్రం గేటు దాటుతూ నా బల్ల దగ్గర ఆగాడు. దారానికి వేలాడుతున్న పెన్ను ఒకసారి ఎత్తి చూసి, "ఇంకు అయిపోవచ్చిండాది, మార్చుకోప్పా" అని వెళ్ళిపోయాడు.

ఇది చదివి మేనేజరు నన్ను పీకేస్తే పీకేయనీ. నెల మొదట మస్టరుకు గీతలు కొట్టేటప్పుడు అడుగున ఒక వరస ఎక్కువే కొడుతున్నాను. అందులో పేరు మాత్రం రాయను.