పడవకి మూరెడు తక్కువ

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరగబోయే ఏడాది, వేసవిలో, నన్ను లుసైల్ సైటు నుంచి అల్ రువైస్‌కి పంపారు. ఖతార్ ఉత్తర కొసన ఉన్న రేవు అది. ఒకప్పుడు ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి మునిగినవాళ్ళ ఊరు. కప్పు పుణ్యమా అని ఇప్పుడు పర్యాటకులని పడవల్లో తీసుకెళ్ళి తిమింగల సొరల్ని చూపిస్తామంటున్నారు. ఆ పడవలు ఆగే జెట్టీకి మట్టాలు, అంటే ఎత్తుపల్లాల కొలతలు, తీసిన సీనియర్ సర్వేయర్ని నేనే. అంటే, అంకెలు గీసిన కొలబద్దని ఎండలో నిటారుగా పట్టుకున్నది నా హెల్పరు, జగిత్యాల మల్లేశ్. నేను గొడుగు కింద అంకెలు చదివాను.

పనయ్యాక పడవవాళ్ళు మమ్మల్నీ ఎక్కించుకున్నారు. నడిసముద్రంలో ఇంజను ఆపగానే నీళ్ళ కింద ఒక నీడ కదిలింది, వీపు నిండా తెల్లచుక్కలు. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే. నోరు తెరుచుకుని, నీళ్ళు వడకట్టి చేపగుడ్లు తింటుంది. మల్లేశ్ తీసిన ఫొటోలో నీళ్ళు తప్ప ఏమీ పడలేదు.

ఒడ్డుకి రాగానే స్పీకరు పెట్టి ఇంటికి ఫోన్ చేసి, చూసిన సంగతి చెప్పాడు. గల్ఫంతా దుబాయే అనుకునే భార్య లచ్చవ్వ నవ్వింది. "దుబాయ్‌ల తిమింగలమా? ఇంటికొస్తున్న అని మూడుసార్లు జెప్పినవ్. గిదీ గట్లనే గద!"

కప్పు పనులని కంపెనీ అతని సెలవు వాయిదా వేస్తూ వచ్చింది. ఈసారి టికెట్టు చేతికొచ్చింది, కానీ ఆమె నమ్మడం లేదు.

"సార్, మీరన్న జెర చెప్పున్రి," అని ఫోను నాకిచ్చాడు.

నా నోరు ఊరుకుంటుందా? "అరవై అడుగులమ్మా! మా పడవని తోకతో ఎత్తేసింది!"

"మీరు గాయన దోస్తే గద సారూ," అంది. మల్లేశ్ మొహం మాడిపోయింది.

మా పనిలో ఒక పద్ధతుంది. మట్టాలు తీసుకుంటూ వెళ్ళి మొదలెట్టిన చోటికే తిరిగొస్తే, అంకెలో కాస్త తేడా వస్తుంది. క్లోజింగ్ ఎర్రర్ అంటాం. తేడా సున్నా అని రాస్తే ఇంజనీరు అనుమానపడి మళ్ళీ తీయమంటాడు.

"తోక సంగతి అబద్ధం అమ్మా," అన్నాను. "అది పడవ పక్కనే వచ్చింది. పడవ పాతిక అడుగులు. అది పడవకి మూరెడు తక్కువే."

"తక్కువ జెప్తున్రంటే నిజమే అయితది. మరి ఈయన వచ్చుడు?"

"టికెట్టు నేను చూశాను. విమానం ఓ గంట లేటు కావచ్చు."

"గంటనేనా?" అని, ఫోను పెట్టకుండానే లోపలికి కేకేసింది: "ఓ అత్తా! నీ కొడుకు వస్తుండట!"

కొలతతో పాటు తేడా కూడా చెప్పినవాణ్ణే జనం నమ్ముతారని ఆ జెట్టీ మీద నేర్చుకున్నాను. మల్లేశ్ విమానం అయిదు గంటలు ఆలస్యమైంది. సరే, రెండు.